‘వెళ్ళారు’ అని రాయని రిజిస్టరు

2010 ఫిబ్రవరిలో నేను ఆదాయపు పన్ను శాఖ ఇన్‌స్పెక్టరుగా తార్నాక ప్రాంతాన్ని చూసే వార్డులో పనిచేస్తున్నాను. వార్డుకు పెద్ద ఆదాయపు పన్ను అధికారి, అంటే ఐటీఓ. ఆయన చాలా కాలంగా సెలవులో ఉండటంతో పక్క సర్కిల్లోని అసిస్టెంట్ కమిషనరు గారికి అదనపు బాధ్యత అప్పగించారు. ఆ ఏసీ గారిది పట్నా వైపు. వయసులో నాకంటే చాలా చిన్న, చట్టంలో నాకంటే చాలా పెద్ద. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. అందుకని తెలుగులో ఉన్న ప్రతి కాగితాన్నీ నేను ఇంగ్లీషులోకి మార్చి ఫైల్లో పెట్టాలి. ఆ పనిలో నన్ను మించినవారు లేరని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఇన్‌స్పెక్టరు అనగానే జనం బీరువాలు పగలగొట్టే మనిషిని ఊహించుకుంటారు. నిజానికి మా ఉద్యోగంలో సగం అడ్రసులు వెతకడంలోనే గడిచిపోతుంది. ఆ నెల నాకు వచ్చిన అడ్రసు ఒక ఆకాశరామన్న ఉత్తరంలోది. తార్నాకలో ఒక మేడ ఇంటి యజమానురాలు గదులు రోజుల లెక్కన అద్దెకిస్తున్నారనీ, ఏనాడూ పన్ను కట్టలేదనీ, ఇప్పుడు కూడా ఆ మేడ మీద పదకొండు మంది ఉన్నారనీ అందులో రాశారు. ఇలాంటి ఫిర్యాదును మేము పన్ను ఎగవేత పిటిషన్ అంటాం. అది పక్కింటివారి నుంచే వస్తుందని అనుభవం మీద తెలుసు. సంతకం లేకపోయినా, వివరం నిర్దిష్టంగా ఉంటే వెళ్ళి చూడాల్సిందే.

రోజుల లెక్కన గదులిచ్చేవారి పన్ను గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. ఇల్లు అద్దెకిచ్చి ఊరుకుంటే అది ఇంటి ఆస్తి ఆదాయం. ఆ ఇల్లు ఎంత అద్దె తెచ్చిపెట్టగలదో అంచనా వేసి, అందులో ముప్పై శాతం మరమ్మతుల కింద తీసేసి, మిగతాదాని మీద పన్ను వేస్తారు. అద్దె చేతికి రాకపోయినా ఆ అంచనా తప్పదు. గది ఖాళీగా ఉండి అద్దె తగ్గిందని రుజువు చేస్తే మాత్రం ఆ మేరకు రాయితీ ఉంటుంది. అదే గదితో పాటు దుప్పటి మార్చడం, టిఫిను పెట్టడం, రోజూ ఊడ్పించడం లాంటి సేవలు కూడా చేస్తే వ్యాపారం అనవచ్చు. అప్పుడు ఎవరు వచ్చారు, ఎన్నాళ్ళు ఉన్నారు, ఎంత ఇచ్చారు అని మనిషి మనిషికీ లెక్క తేలాలి. అంటే మొదటి పద్ధతి ఇంటిని అడుగుతుంది, రెండోది మనుషులను అడుగుతుంది.

పై అధికారి అనుమతి కాగితం తీసుకుని నేను బయలుదేరిన రోజు తెలంగాణ బంద్. విద్యానగర్‌లోని మా ఇంటి నుంచి యూనివర్సిటీ లోపలి రోడ్డు మీదుగా తార్నాకకు నడిచే వెళ్ళాను. పగలు పదకొండు గంటలకు ఆ రోడ్డు మీద అలాంటి నిశ్శబ్దాన్ని నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. హాస్టళ్ళలో మెస్సులు మూసేశారు. కిటికీల్లో ఆరేసిన బట్టలు అలాగే ఉన్నాయి, తీసేవారు లేరు. ముందు రోజు పోలీసులు వదిలిన బాష్పవాయువు చెట్ల ఆకులను పట్టుకుని ఉందేమో, గాలి వీచినప్పుడల్లా కళ్ళు మండాయి. దారిలో నాకు ఒక్క మనిషి ఎదురుపడలేదు. అయినా ఎవరో చూస్తున్నట్టే అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగాను.

ఇంటి యజమానురాలి పేరు రాజ్యలక్ష్మి గారు. అరవై దాటిన మనిషి, సొంత ఊరు గుడివాడ దగ్గర. భర్త యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి పోయారు. పింఛను చాలక, మేడ మీది ఐదు గదులనూ పరీక్షలకొచ్చే పిల్లలకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ, వైవాలు జరపడానికి వచ్చే ప్రొఫెసర్లకూ రెండు రోజులకో వారానికో ఇస్తూ వచ్చారు. నేను పేరూ హోదా చెప్పి గుర్తింపు కార్డు చూపగానే ఆమె ముఖం పాలిపోయింది.

“మమ్మల్ని ఊరు పంపించెయ్యడానికి వచ్చారామ్మా?” అని అడిగారు.

ఆ రోజుల్లో ఆ మాట అలా వచ్చేది. నా మాట యాసను బట్టి నాది నల్లగొండ వైపని ఆమెకు తెలిసిపోయింది.

“గట్లాంటిదేం లేదమ్మా. పన్ను లెక్క చూడనీకి వచ్చిన. రిజిస్టరు ఉన్నదా?” అన్నాను.

రిజిస్టరు ఉంది. దాన్ని చూసి ముచ్చటేసింది. వచ్చిన తేదీ, పేరు, ఊరు, గది నంబరు, వెళ్ళిన తేదీ అని గళ్ళు కొట్టి, భర్త నేర్పిన లైబ్రరీ పద్ధతిలో రాశారు. పుస్తకం బయటికి పోతే రాయాలి, మనిషి లోపలికి వస్తే రాయాలి అనేవారట ఆయన. సర్వే అనే ఇలాంటి తనిఖీలో పుస్తకాన్ని స్వాధీనం చేసుకునే అధికారం ఇన్‌స్పెక్టరుకు లేదు. అది అధికారి స్వయంగా వచ్చి చేయాలి. ఇన్‌స్పెక్టరు చేయగలిగింది పేజీలకు నంబర్లు వేసి, ప్రతి పేజీ మీదా గుర్తు సంతకం పెట్టి, కావలసిన భాగాలకు నకలు రాసుకోవడం. ఆ సంతకాలు పడ్డాక పుస్తకంలోంచి ఒక్క కాగితం తీసినా నేరం. నేను నియమం ప్రకారం ముందు సంతకాలన్నీ పెట్టేశాను. ఆ తరువాతే చదవడం మొదలుపెట్టాను.

చివరి పేజీలో పదకొండు పేర్లున్నాయి. సూర్యాపేట, జనగామ, సిరిసిల్ల లాంటి ఊళ్ళు. డబ్బుల ప్రస్తావన లేదు. పాత పేజీల్లో అందరికీ వెళ్ళిన తేదీ ఉంది కానీ ఈ పదకొండు మందికీ ఆ గడిలో తేదీ లేదు. ప్రతి పేరుకూ ఎదురుగా ఒకే మాట ఉంది: ‘వస్తానన్నారు’.

రాజ్యలక్ష్మి గారు నా పక్కన నిలబడి చాలాసేపు చూసి, చిన్న గొంతుతో అడిగారు. “ఈ ఒక్క కాగితం చించెయ్యకూడదామ్మా?”

“సంతకం పెట్టేసిన. ఇగ చింపరాదు.”

అప్పుడు చెప్పారు. హాస్టళ్ళు మూతపడ్డాక ఆ పదకొండు మంది పిల్లలూ ఆశ్రయం అడిగి మేడ మీద ఉన్నారు. ఆమె అద్దె అడగలేదు. పదిహేను రోజుల కిందట ఒక మధ్యాహ్నం పోలీసులు సందులోకి వస్తుంటే, డాబా మీద నుంచి పక్క డాబా మీదికి దాటి పోయారు. పోతూ పోతూ ఒక్కొక్కరే “వస్తం అమ్మా” అన్నారు. మళ్ళీ ఎవరి జాడా తెలియలేదు. “ఈ పేర్లు సర్కారు ఫైలుకెక్కితే ఎవరి చేతుల్లో పడతాయో నాకేం తెలుసు? వాళ్ళ చదువులు ఏమవుతాయి?” అన్నారు. ఒక ఆఫీసు ఫైలును ఇంకో ఆఫీసు అడిగి తెప్పించుకోవచ్చు. ఆ పేజీ పోకుండా కాపలా పెట్టింది నా సంతకమే.

గదులు చూడాలి కాబట్టి మేడ ఎక్కాము. మెట్ల మొదట్లో ఆగి ఆమె పైకి కేక వేశారు. “పిల్లలూ, ఆఫీసువాళ్ళు వస్తున్నారు.” పైన ఎవరున్నారని అడిగితే, ఎవరూ లేరు, అలవాటు, అన్నారు. ఐదు గదులూ తెరిచే ఉన్నాయి. ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. ప్రతి మంచం పక్కనా బోర్లించిన కంచం, మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు. నాలుగో గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాని గాలికి బల్ల మీది నోటు పుస్తకం పేజీలు ఒక్కొక్కటే తిరగబడుతున్నాయి. ఆ గదిలో ఒక్క అమ్మాయే ఉండేదట. వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది, సూర్యాపేట దగ్గర పల్లె, పేరు స్వరూప.

“ఫ్యాను నేను వెయ్యలేదే,” అన్నారు రాజ్యలక్ష్మి గారు. మూత తీసి చూస్తే ఆ ఒక్క గ్లాసులో నీళ్ళు సగమే ఉన్నాయి.

పిల్లి తాగి ఉంటుందని నేనన్నాను. మూత పెట్టిన గ్లాసులో పిల్లి ఎలా తాగుతుందని ఆమె అడగలేదు, నేనూ ఆలోచించలేదు. త్వరగా కిందికి దిగాలనిపించింది.

మర్నాడు ఆఫీసులో నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నకలు రాసుకున్నదాంట్లో పేర్లు వదిలేసి సంఖ్య మాత్రం ఇచ్చాను, అంతవరకు తెలివిగానే నడుచుకున్నాను. ‘వస్తానన్నారు’ అన్నదాన్ని మాత్రం మాటకు మాట పెట్టి ఇంగ్లీషు చేశాను. చదివిన ఏసీ గారికి అది అర్థమైన తీరు వేరు. పదకొండు మంది రాబోతున్నారు, అంటే గదులు ముందుగా బుక్ చేసుకున్నారు, అడ్వాన్సు ఇచ్చే ఉంటారు, కాబట్టి ఇది లాడ్జి వ్యాపారం. మళ్ళీ వెళ్ళి ఎవరెవరు దిగారో చూసి రమ్మనీ, వ్యాపారమని తేలితే తాను స్వయంగా వచ్చి రిజిస్టరు స్వాధీనం చేసుకుంటాననీ నోట్ షీటు మీద రాశారు. పోయినవాళ్ళను నేనే వచ్చేవాళ్ళుగా మార్చాను. నా గొయ్యి నేను తవ్వుకున్నా బాగుండేది, నేను ఆమె గొయ్యి తవ్వాను.

పది రోజుల తరువాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి సందు మొదట్లో పోలీసు పికెట్ ఉంది. రాజ్యలక్ష్మి గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, నా కోసం కాదు. ఇంట్లో ఉండలేక బయటికి వచ్చారు.

“నాలుగో గదికి లోపల గడియ పడిందమ్మా. నిన్నటి నుంచి. తలుపు కొట్టాలంటే నాకు ధైర్యం చాలడం లేదు.”

లోపలి గడియ బయట నుంచి పడదు. ఆ గది కిటికీకి ఊచలున్నాయి. పిల్లలెవరైనా డాబా మీదుగా వచ్చి దాక్కున్నారా అని అడిగాను. వస్తే తనను పిలవకుండా ఉండరు, మొదట అన్నం అడుగుతారు, అన్నారు. తలుపు ముందు ఆమె పెట్టిన అన్నం కంచం అలాగే ఉంది, దానికి చీమలు పట్టాయి.

మిగతా నాలుగు గదులూ చూసి, మనుషులెవరూ లేరని రాసుకుని, నాలుగో తలుపు దగ్గరికి వచ్చాను. నియమం ప్రకారం నా పేరూ హోదా చెప్పి, మూడుసార్లు తట్టాను. లోపల మంచం కిర్రుమంది. ఆ తరువాత అడుగుల చప్పుడు, నెమ్మదిగా, తలుపు దాకా వచ్చి ఆగింది. గడియ తీస్తారని ఎదురుచూశాను. తీయలేదు. తలుపుకు అటువైపు ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు నాకు స్పష్టంగా వినిపించింది. “స్వరూపా?” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. తలుపు మీద ఆనించిన నా అరచేతికి, అవతల నుంచి కూడా ఎవరో చెయ్యి ఆనించినట్టు తలుపు కాస్త బిగుసుకుంది. నాకు చాలా భయమేసింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, పట్టపగలు, ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాగితం ఇంకో చేతిలో పట్టుకుని, తలుపు మీది చెయ్యి చటుక్కున వెనక్కి తీసేశాను.

నేను తలుపు తట్టడం విని కాబోలు, పికెట్‌లోని కానిస్టేబుల్ ఒకాయన మెట్ల దాకా వచ్చాడు.

“ఏమైంది మేడం? తలుపు తీస్తలేరా? పగలగొట్టాల్నా?”

రాజ్యలక్ష్మి గారు నా వైపు చూశారు. ఆ చూపును నేను వర్ణించలేను.

మా చట్టంలో సోదా వేరు, సర్వే వేరు. సోదాకు వెళ్ళినవారు తాళాలు పగలగొట్టవచ్చు. సర్వేకు వెళ్ళినవారు తెరిచి ఉన్నదే చూడాలి. మూసిన తలుపును తెరిపించే అధికారం నాకు లేదు. లేనందుకు ఆ ఒక్క రోజు చట్టానికి మనసులో దండం పెట్టుకున్నాను.

“అవసరం లేదు. మాకు పగలగొట్టే పవర్ లేదు. గది మూసి ఉన్నదని రాసుకుంట, అంతే,” అన్నాను. అతను భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడి రిపోర్టులో రాశాను: నాలుగో గదికి లోపలి వైపు గడియ ఉంది, తనిఖీ చేయలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి ఏసీ గారికి నా పొరపాటు ఒప్పుకున్నాను. మా దగ్గర వెళ్ళేటప్పుడు వెళ్తానని అనరు, వస్తాననే అంటారు, పోతున్నాను అనడం అశుభం, ఆ గడిలో ఉన్నది బుకింగ్ కాదు, వీడ్కోలు అని చెప్పాను. ఆయన నవ్వారు. అటెండరు రోజూ సాయంత్రం ‘వస్తా సార్’ అంటాడట. దాని అర్థం ఎవరినో అడిగి తెలుసుకుని, మొదటి వారం రెండు రోజులు ఏడింటి దాకా అతని కోసం కూర్చున్నారట. తరువాత నవ్వు ఆపి, గదుల్లో ఎవరినైనా చూశారా అని అడిగారు. చూడలేదన్నాను. అది నిజం. ఏమైనా విన్నారా అని ఆయన అడగలేదు, రిపోర్టులో వినడానికి గడి లేదు.

ఇంటి ఆస్తి కింద లెక్క కడితే రిజిస్టరుతో పని లేదని నేను నోట్ పెట్టాను. పెద్ద సేవలేమీ లేవు, ఆమె చేసేది దుప్పట్లు ఉతకడం ఒక్కటే, అది ఏ ఇంటి ఓనరైనా చేస్తారు. ఆయన చట్టం పుస్తకం తెరిచి, రెండు రోజులు తీసుకుని, ఒప్పుకున్నారు. ఒక్క చిక్కు మిగిలింది. పిల్లలున్న ఆ ఐదు గదులకు అద్దె రాలేదు కదా, ఖాళీ రాయితీ తీసుకోమని చెప్పండి, ఫలానా తేదీ నుంచి ఖాళీ అని ఒక కాగితం రాసిస్తే చాలు, పేర్లు అక్కర్లేదు, అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

రాజ్యలక్ష్మి గారిని పిలిపించి ఆ మాట చెప్పాను. లేకపోతే రాని అద్దె మీద కూడా పన్ను కట్టాల్సి వస్తుందని, వివరంగా, కాగితం మీద గీసి చూపించాను. ఆమె అంతా విని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఖాళీ అని నా చేత్తో రాయనమ్మా. వాళ్ళు వస్తామన్నారు. నేను ఖాళీ అని రాశాక వస్తే ఏ ముఖం పెట్టుకుని గది చూపించను?”

“గది ఉంటది కదమ్మా, ఎక్కడికి పోతది? ఇది పన్ను కోసం కాగితమే.”

“పన్ను కట్టేస్తాను. ఆ మాట మాత్రం రాయించకండి.”

గాజులు అమ్మారో ఏం చేశారో నాకు తెలియదు. పాత సంవత్సరాలకూ, ఆ సంవత్సరానికీ రిటర్నులు వేసి, ఐదు గదులకూ నిండు ఏడాది అద్దె వచ్చినట్టే పన్ను కట్టారు. పిటిషన్ మూసేశాం. రిజిస్టరు ఆమె ఇంట్లోనే ఉండిపోయింది.

మరుసటి ఏడాది వానాకాలంలో ఆమె మళ్ళీ మా కౌంటరు దగ్గరికి వచ్చారు. అప్పటికి ఏసీ గారు బదిలీ అయ్యారు, నేను అదే కుర్చీలో ఉన్నాను. వేసిన రిటర్నులో తప్పు కనిపిస్తే గడువు లోపల సవరణ రిటర్ను వేయవచ్చు. ఆమె చేతిలో ఉన్నది అదే. పిల్లలు వచ్చారా అని అడిగాను. ఒకరి తరువాత ఒకరుగా పది మంది వచ్చి కనపడి పోయారని చెప్పారు. సవరణ ఒకే ఒక్క గదికి. నాలుగో గది ఫలానా తేదీ నుంచి ఖాళీ అని తెలుగులో, తన చేత్తో రాశారు.

“స్వరూప వాళ్ళ నాన్న వచ్చారమ్మా, పుస్తకాలు పట్టుకెళ్ళడానికి. ఎలా పోయిందని నేను అడగలేదు. ఏ రోజని మాత్రం అడిగాను. ఆ రోజు దాకా ఆ పిల్ల వచ్చేదే కదా, అందుకని ఆ తేదీ నుంచి రాశాను.”

ఆ కాగితాన్ని ఇంగ్లీషు చేయడానికి పాత ఫైలు తీశాను. ఆమె రాసిన తేదీని నా రిపోర్టు పక్కన పెట్టి రెండుసార్లు చూశాను. నేను ఆ తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడటానికి పందొమ్మిది రోజుల ముందే ఆ అమ్మాయి చనిపోయింది.

తరువాత నేను కొత్త ఇన్‌స్పెక్టర్లకు పాఠాలు చెప్పేటప్పుడు ఈ కేసును పేర్లు తీసేసి వాడుకునేదాన్ని. చెప్పదలచుకున్నది ఒక్కటే. రిపోర్టులో చూసినది చూసినట్టు రాయాలి, చూడనిది చూడలేదని రాయాలి, మధ్యలో మన ఊహ రాకూడదు. ఆ రోజు నాలుగో తలుపు ముందు నిలబడి ‘గదిలో మనిషి ఉన్నారు’ అని రాయబోయి ఆగాను. నాకు అంత గట్టి నమ్మకం ఉండింది. రాసి ఉంటే, ఆమె ఖాళీ అన్న మాట అబద్ధమని నా సంతకమే సాక్ష్యం చెప్పేది. రాయలేదు కాబట్టి నాలుగో గదికి రాయితీ మంజూరైంది.